ఈస్ట్రోజెన్‌తో నలభై ఏళ్ళు

(మహాసభల మహిళా ఆరోగ్య సదస్సులో, కోవెంట్రీలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలయ్యాక మొదటి ప్రసంగం నాకిచ్చారు. పులిహోర, గుత్తొంకాయ కూర, గారెలు తిని కూర్చున్నవారిని మెలకువగా ఉంచడానికి మా ఫార్మకాలజీలో కాఫీని మించిన మందు ఇంతవరకూ నాకు కనబడలేదు. పైగా కార్యక్రమ పత్రంలో "ఆడవాళ్ళ హార్మోన్లు" అని చూసి కొందరు మగవాళ్ళు మెల్లగా లేచి పక్క హాల్లో పాటల పోటీకి జరుగుతున్నారు. కూర్చోండి బాబూ. ఈ మాటల్లో సగం మీకోసమే. ఊళ్ళో అక్కకో, వదినకో, మరదలికో గర్భసంచి ఆపరేషనని ఫోనొస్తే ఇక్కణ్ణించి డబ్బు పంపేది మీరే కదా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను గుంటూరులో వైద్యం చదివాను. రోగిని చూడటం కన్నా, మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చూడటం మీదికి మనసు పోయి ఫార్మకాలజీలో చేరాను. "డాక్టరు చదువు చదివి ఎలకలతో కాపురమేమిటే" అని మా నాయనమ్మ నొచ్చుకుంది. 1970ల చివర ఇంగ్లండు వచ్చాను. పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం, ల్యాబులో కూర్చోవడం, ఏది చేసినా పదవీ విరమణ దాకా నలభై ఏళ్ళు ఈ ఒక్క హార్మోను చుట్టూనే తిరిగాను. నేను కనిపెట్టిన మందేదీ మీకు షాపులో దొరకదు. ఈస్ట్రోజెన్ని మాత్రగా మింగితే ఏమవుతుంది, చర్మం మీద పట్టీగా అంటిస్తే ఏమవుతుంది, ఈ రెండు దారులకీ తేడా ఏమిటి అన్నదే నా పని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ హార్మోనుతో నా తొలి పరిచయం మెడికల్ కాలేజీ ప్రాక్టికల్స్‌లో. ఆడ ఎలుక గర్భాశయాన్ని గాజుపాత్రలో ద్రావణంలో వేలాడదీసి ఒక చుక్క మందు వేస్తాం. అది ముడుచుకున్నప్పుడల్లా, పొగ పట్టించిన కాగితం మీద ముల్లు ఒక గీత గీస్తుంది. ఆ గీత చక్కగా రావాలంటే ముందురోజే ఎలుకకి స్టిల్‌బెస్ట్రాల్ ఇంజక్షను ఇవ్వాలి. ఇంజక్షను పడని గర్భాశయం సన్నగా, దారప్పోగులా ఉంటుంది. పడినది ఒక్కరోజులో నిండుగా, చురుగ్గా తయారవుతుంది. అది చూశాక వేరే విషయం మీద పనిచెయ్యాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ స్టిల్‌బెస్ట్రాల్‌కీ, మనం ఇవాళ కూర్చున్న ఈ ఊరికీ దూరపు చుట్టరికం ఉంది. దాన్ని 1938లో లోకానికి చూపించిన చార్లెస్ డాడ్స్ లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఉన్న కోర్టాల్డ్ జీవరసాయన సంస్థకి అధిపతి. ఆ కోర్టాల్డ్ కుటుంబం పట్టు వ్యాపారంతో పైకొచ్చింది. వాళ్ళ పేరున్న కంపెనీయే 1905లో ఇక్కడ ఫోల్స్‌హిల్‌లో కృత్రిమ పట్టు, అంటే రేయాన్, తీయడం మొదలుపెట్టింది. పట్టు డబ్బు హార్మోను పరిశోధనకి పనికొచ్చిందన్నమాట.

అంతకుముందు ఈస్ట్రోజెన్ సంపాదించడం మహా కష్టం. ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజెన్లలో బలమైనది ఈస్ట్రడయోల్. 1930లలో అమెరికాలో డాయిసీ బృందం సుమారు నాలుగు టన్నుల ఆడపందుల అండాశయాలు నూరితే చేతికొచ్చింది పన్నెండు మిల్లీగ్రాములు! మన రక్తంలో దీన్ని పికోగ్రాముల్లో కొలుస్తాం. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి పికోగ్రాము. నెల మధ్యలో మిల్లీలీటరు రక్తంలో రెండు మూడు వందల పికోగ్రాములుంటే, ముట్లు ఆగిపోయాక సాధారణంగా అది ఇరవైకీ చేరదు. ఆ కాస్తలోనే ఎముక, గుండె, మెదడు, చర్మం, నిద్ర అన్నిటికీ వాటా ఉంది. మగవాళ్ళ ఎముకలకి కూడా ఇదే కావాలి. ఈ హార్మోను అతుక్కునే రెండో రిసెప్టరుని 1996లో మొదట పట్టుకున్నది ఎలుక ప్రోస్టేటులో. పక్క హాలుకి వెళ్ళినవాళ్ళకి ఈ మాట చేరవెయ్యండి.

డాడ్స్ మందు చవక, నోటితో మింగొచ్చు, పైగా పేటెంటు లేదు. ఎవరు పడితే వాళ్ళు తయారుచేశారు. అమెరికాలో గర్భం నిలవడానికని లక్షల మంది గర్భిణులకిచ్చారు. దానివల్ల లాభం లేదని 1953లోనే షికాగోలో పరీక్ష చేసి తేల్చారు. అయినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్ బృందం బయటపెట్టిన సంగతి నేను ప్రతి ఏడూ మొదటి పాఠంలోనే చెప్పేదాన్ని. పదిహేను, ఇరవై ఏళ్ళ ఆడపిల్లల్లో ఎప్పుడూ చూడని ఒక కాన్సరు కనబడింది. ఆరా తీస్తే వాళ్ళు కడుపులో ఉండగా తల్లులు మింగిన మందు ఇది. బిడ్డ నిలవాలని మింగిన మాత్ర ఆ బిడ్డ మీదే తేలింది.

ఇది విని ఈస్ట్రోజెన్ అంటే విషమని అనుకుంటారు. కాస్త ఆగండి, దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటుంది. చెషైర్‌లో ఐ.సి.ఐ. కంపెనీ ల్యాబులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త 1962లో ఒక మందు తయారుచేసింది. గర్భం రాకుండా ఆపుతుందని ఆశ. ఎలుకల్లో ఆపింది. స్త్రీలలో అందుకు ఎదురుగా అండం విడుదలను పెంచింది! మూల పడాల్సిన ఆ మందుని మాంచెస్టర్‌లో రొమ్ము కాన్సరు రోగులకిచ్చి చూశారు. 1973లో బ్రిటన్‌లో అనుమతి వచ్చింది. అదే టమాక్సిఫెన్. ఇది రొమ్ములో ఈస్ట్రోజెన్ని అడ్డుకుంటుంది, గర్భాశయంలో మాత్రం తానే ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. మనిషి ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉన్నట్టు. లక్నోలో నిత్యానంద్ గారి హయాంలో తయారైన సెంట్‌క్రోమాన్ కూడా ఈ కోవదే. 1991లో సహేలీ పేరుతో బజారులోకొచ్చింది.

కాబట్టి "ఈస్ట్రోజెన్ మంచిదా, చెడ్డదా" అని నన్ను అడిగితే జవాబు ఉండదు. ఎవరికి, ఏ వయసులో, ఎంత, ఏ దారిన అని అడిగితే ఉంటుంది.

మోతాదు సంగతి చూడండి. 1960 ప్రాంతంలో వచ్చిన మొదటి గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. రక్తం గడ్డలు కట్టి ప్రాణాలు పోతున్నాయని బ్రిటన్‌లో లెక్కలు తేలాక, 1969 డిసెంబరులో ఇక్కడి మందుల భద్రతా కమిటీ యాభైకి మించకుండా వాడమంది. ఇవాళ్టి మాత్రల్లో ఎక్కువ భాగం ఇరవై నుంచి ముప్పై అయిదు మధ్య.

ఇక దారి సంగతి. మింగిన మాత్ర పేగుల్లోంచి ముందు కాలేయానికి వెళుతుంది. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు తయారయ్యేది అక్కడే. ఒక్కసారిగా వచ్చిపడిన ఈస్ట్రోజెన్‌కి కాలేయం ఉలిక్కిపడి వాటిని ఎక్కువ తయారుచేస్తుంది. అదే చర్మం మీద పట్టీగానో, జెల్‌గానో ఇస్తే నేరుగా రక్తంలో కలుస్తుంది, కాలేయానికి ఆ తాకిడి ఉండదు. మామూలు మోతాదులో పట్టీవల్ల గడ్డల ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. ఈ నాలుగు వాక్యాల కోసం ఎన్ని రక్తపు సీసాలు తిప్పానో, ఎన్ని చలికాలాలు చీకటితో బయల్దేరి చీకటితో ఇల్లు చేరానో మా ఆయన్ని అడగండి.

ఇప్పుడు 2002 జులైకి రండి. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అందులో 16,608 మంది స్త్రీలు. అందరూ గర్భసంచి ఉన్నవాళ్ళు, వాళ్ళలో సుమారు సగం మంది ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిన్ కూడా మింగినవాళ్ళు. పదివేల మంది ఏడాది వాడితే అదనంగా ఎనిమిది మందికి రొమ్ము కాన్సరు, ఎనిమిది మందికి పక్షవాతం, ఏడుగురికి గుండెపోటు. ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీలకెక్కింది. మరుసటేడు బ్రిటన్‌లో మిలియన్ విమెన్ స్టడీ కూడా రొమ్ము కాన్సరు గురించి హెచ్చరించింది. మా కోవెంట్రీలోనే ఆడవాళ్ళు మందులు చెత్తబుట్టలో పడేసి, రాత్రి చెమటలతో దుప్పటి తన్నేసుకుని కూర్చున్నారు.

ఆ వార్తలో రెండు ముక్కలు అందరి చెవినీ పడలేదు. ఒకటి, ఆ స్త్రీల సగటు వయసు 63. రెండు, అదే పరిశోధనలో గర్భసంచి తీసేసిన 10,739 మంది మీద ఈస్ట్రోజెన్ ఒక్కటే పరీక్షించిన భాగం 2004 దాకా సాగింది. అందులో పక్షవాతం కొంత పెరిగింది, తుంటి ఎముక విరగడం తగ్గింది. రొమ్ము కాన్సరు మాత్రం పెరగలేదు. తర్వాత చాలా ఏళ్ళు వెంటబడి చూస్తే మందు వాడినవాళ్ళలో తక్కువే ఉంది. ప్రొజెస్టిన్ కలిపేది గర్భాశయపు పొరకి కాన్సరు రాకుండా కాపలాగా. గర్భాశయమే లేనివాళ్ళకి ఆ కాపలా అక్కరలేదు. అమెరికాలో మందుపెట్టె మీద 2003 నుంచి నల్లగడిలో అచ్చువేస్తూ వచ్చిన హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తామని అక్కడి నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. నన్నడిగితే అప్పుడు భయం మరీ ఎక్కువైంది, ఇప్పుడు ఉత్సాహం మరీ ఎక్కువవుతుందేమోనని అనుమానం. అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టే పని వేరు, నలభైల్లో కొనసాగించే పని వేరు.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే మన ఊళ్ళ కోసం.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలను గర్భసంచి ఆపరేషను అయిందా అని అడిగారు. దేశం మొత్తం మీద అయినవారు నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే! విడిపోయాక కూడా ఈ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలూ జంట వదల్లేదు. ఆపరేషను నాటి వయసు చూస్తే దేశంలో సగం మందికి 34 ఏళ్ళలోపే. 2019–21 సర్వేలో కూడా రెండు రాష్ట్రాలూ నూటికి ఎనిమిది పైనే ఉన్నాయి. ఇందులో అండాశయాలు ఉంచారా, తీసేశారా అన్న లెక్క లేదు.

ఎందుకు తీస్తున్నారు? తెల్లబట్ట, నడుంనొప్పి, ముట్టు ఎక్కువ కావడం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిపోతుంది కనక "ఇంక ఆ సంచితో పనేముంది" అని ఒక మాట. "ఉంచుకుంటే కాన్సరవుతుంది" అని ఇంకో మాట. కూలికి పోయే మనిషికి నెలకి నాలుగు రోజులు పనిపోవడం అన్నిటికన్నా గట్టి కారణం. హైదరాబాదు నుంచి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ దంపతులు మెదక్ జిల్లా పల్లెలు తిరిగి ఈ అనవసరపు ఆపరేషన్ల సంగతి ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, వీటిని అరికట్టే మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించింది.

నాకు ఇది లెక్కల్లో కాదు, ఇంట్లోనే తగిలింది. మా తమ్ముడి భార్యకి 34వ ఏట ఆపరేషనయింది. ఏ ఆసుపత్రో చెప్పను, ఎవరో చెప్పను. "వదినా, పీడా పోయింది. ఇంక నాకే రోగమూ రాదు" అని ఫోన్లో సంతోషంగా చెప్పింది. ఏడాది తిరక్కుండానే ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. 47వ ఏట పెరట్లో కాలుజారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. నేను సెలవుకి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె అడుగునుంచి పాత కాగితం తీయించి చూశాను. ఆపరేషను పేరు పక్కన మూడక్షరాలున్నాయి: బి.ఎస్.ఓ. అంటే రెండు అండాశయాలూ, వాటి గొట్టాలూ కూడా తీసేశారని. గర్భసంచి తీస్తున్నామని చెప్పారు. దీని సంగతి ఆమెకీ తెలియదు, సంతకం పెట్టిన మా తమ్ముడికీ తెలియదు. "అవి కూడా తీశారా వదినా? అవెందుకుంటాయి అసలు?" అని అడిగింది నన్ను. పదమూడేళ్ళ తర్వాత.

అవెందుకుంటాయో ఈ నలభై ఏళ్ళలో నేను కొన్ని వందల మంది ఇంగ్లీషు పిల్లలకి పాఠం చెప్పాను.

ముట్లు సహజంగా ఆగేటప్పుడు ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు దిగుతుంది. అండాశయాలు తీసేస్తే మిద్దె మీంచి దూకినట్టే. సహజంగా ఆగే సగటు వయసు ఇక్కడ 51, మనదేశంలో 46, 47. ముప్పై నాలుగేళ్ళకి తీసేస్తే పన్నెండు, పదమూడేళ్ళ హార్మోను పోయినట్టు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు, 45 లోపు రెండు అండాశయాలూ పోయి ఈస్ట్రోజెన్ తీసుకోని స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తే, వాళ్ళలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి పోయినవారిలో అవి కొన్నేళ్ళు ముందే అలిసిపోవచ్చు. ముట్లు ఉండవు కనక అవి ఎప్పుడు ఆగాయో కూడా తెలియదు.

ఎముకల విషయంలో మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేదింటి స్త్రీల ఎముకల సాంద్రత కొలిచి, వాళ్ళు తినే తిండితో దానికున్న సంబంధాన్ని 2005లో ప్రచురించింది. మొదటినుంచీ ఖాతాలో ఉన్నదే తక్కువ. ఆ ఖాతాలోంచి ముప్పై నాలుగేళ్ళకే డబ్బు తీయడం మొదలుపెట్టామన్నమాట.

ఇటువంటి స్త్రీకి మరో కారణం అడ్డులేకపోతే, కనీసం సహజంగా ముట్లు ఆగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వమని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంటికి అదనంగా ఇవ్వడం కాదిది, తీసేసింది తిరిగివ్వడం. కానీ మన ఊళ్ళో ఎవరైనా ఆ మాటెత్తితే "అమ్మో, హార్మోన్లా! కాన్సరొస్తుంది" అంటారు. అరవై మూడేళ్ళ అమెరికా స్త్రీల గురించి, రెండు మందులు కలిపి మింగినవాళ్ళ గురించి వచ్చిన వార్త, గర్భసంచే లేని ముప్పై అయిదేళ్ళ మా ఊరి మనిషికి అడ్డుగోడ అయింది. నా చదువంతా పెట్టి చూసినా ఇంతకన్నా అన్యాయమైన లెక్క నాకు కనబడలేదు.

ఆడవాళ్ళకి చెప్పకుండా వాళ్ళ ఒంటి మీద పనులు చెయ్యడం ఒక్క మన ఊరి జబ్బే అనుకోకండి. ఈ కోవెంట్రీలోనే 1969లో, రక్తహీనత మీద పరిశోధనకని, దక్షిణాసియా నుంచి వచ్చిన ఇరవై ఒక్కమంది స్త్రీలకి రేడియోధార్మిక ఇనుము కలిపిన చపాతీలు ఇంటికి తెచ్చిచ్చారు. తర్వాత వాళ్ళని హార్వెల్ అణు పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళి కొలిచారు. ఆ స్త్రీలలో ఇంగ్లీషు రానివాళ్ళున్నారు. 1995లో టెలివిజన్ డాక్యుమెంటరీ వచ్చేదాకా లోకానికి తెలియలేదు. 2023లో కోవెంట్రీ ఎం.పి. తైవో ఒవాటెమీ మళ్ళీ విచారణ కోరారు. అటు హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1985లో, నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను పరీక్షకి వచ్చిన పల్లె స్త్రీలకి అది ప్రయోగమన్న సంగతి సరిగ్గా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు బయటపెట్టి, మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్ళారు. ఇక్కడ చపాతీ, అక్కడ ఇంజక్షను. మందు ప్రమాదం ఎంతన్నది నాలాంటివాళ్ళు కొలుస్తాం. చెప్పారా లేదా అన్నది కొలవడానికి మాత్రం పెద్ద చదువు అక్కరలేదు.

ఇక మీరు చెయ్యగల పనులు. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, నలభై లోపు గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఆసుపత్రి కాగితం ఫోటో తీసి పంపమనండి. బి.ఎస్.ఓ. అన్న అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే, ఎందుకు తీశారో కూడా చూడండి. కాన్సరుకో, కాన్సరు వచ్చే జన్యువు ఉందనో తీస్తే ఆ దారి వేరు. కాకపోతే, వయసు యాభై లోపైతే గైనకాలజిస్టు దగ్గరికి పంపి ఈస్ట్రోజెన్ సంగతి, ఎముకల పరీక్ష సంగతి అడగమనండి. రొమ్ము కాన్సరు వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టినవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక్కణ్ణించి పట్టీలు కొని పార్సెలు కట్టకండి, చూసి ఇచ్చే డాక్టరు అక్కడే ఉండాలి.

కొత్తగా ఆపరేషనని ఫోనొస్తే డబ్బు పంపేముందు మూడు మాటలు అడగండి. స్కానులో ఏముంది? మందులతో ఎంతకాలం చూశారు? అండాశయాలు ఉంచుతున్నారా? మూడోది మర్చిపోకండి. రెండో డాక్టరు అభిప్రాయానికయ్యే ఖర్చు విమానం టిక్కెట్టులో ఎన్నో వంతు కూడా ఉండదు.

ఇక్కడున్న మన ఆడవాళ్ళకి ఒక్కమాట. ఇంగ్లండులో 2023 ఏప్రిల్ నుంచి హెచ్.ఆర్.టి.కి ప్రత్యేక ప్రీపేమెంట్ సర్టిఫికెట్ ఉంది. రెండు ప్రిస్క్రిప్షన్ల ఖరీదుతో ఏడాది మందులొస్తాయి. జీపీ దగ్గర కూర్చుని "వేడిగా ఉంటోంది" అని ఊరుకోకండి. వయసు, చివరి ముట్టు తేదీ, ఆపరేషన్లు, ఇంట్లో ఎవరికైనా రొమ్ము కాన్సరుందా అన్నది కాగితం మీద రాసుకెళ్ళండి. పది నిమిషాలే ఇస్తారు.

మా మరదలు ఇప్పుడు కాల్షియం, విటమిన్ డి వేసుకుంటోంది, ఎముకల మందు వాడుతోంది. వయసు దాటింది కనక ఈస్ట్రోజెన్ మొదలుపెట్టలేదు. ఆమె కూతురికి పోయిన ఏడాది ముట్టు ఎక్కువై ఒక డాక్టరు గర్భసంచి తీసేద్దామంటే, తల్లే అడ్డుపడి ఇంకో డాక్టరుకి చూపించింది. లోపల పెట్టే హార్మోను కాయిల్‌తో సర్దుకుంది. ఆ పిల్లకి ముప్పై ఆరు.

నా టైమయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు అడగండి. ఇందరిలో అడగడానికి మొహమాటమైతే చీటీ రాసి పంపండి, పేరు అక్కరలేదు.